ల్యాప్‌టాప్‌కి ఇంకా రాని జబ్బు

మా తమ్ముడు రుయ్‌ఫెంగ్ ల్యాప్‌టాప్ కొన్నాక మూడు రోజుల దాకా దాని పెట్టె విప్పలేదు. తెచ్చి నా లాండ్రీ షాపులో, ఇస్త్రీ బల్ల వెనక అరలో పెట్టాడు. రోజూ పని అయ్యాక వచ్చి, తడిసిన రెయిన్‌కోటు గుమ్మం బయట తగిలించి, ఆ పెట్టె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"మీ ఇంట్లో పెట్టుకోరా, ఇక్కడెందుకు?" అన్నాను.

"మా ఇంట్లో గోడలకి చెమట పడుతుందక్కా. నీ దగ్గరైతే తేమ లాగే మిషన్ ఉంది, బట్టలారబెట్టే మిషన్లు నాలుగున్నాయి. కీలుంగ్ మొత్తం వెతికినా ఇంత పొడిగా ఉండే చోటు దొరకదు."

అందులో అబద్ధం లేదు. వాన పడని వారం మా ఊళ్లో ఎవరికీ గుర్తుండదు. నా షాపు నడిచేదే ఆ వాన పుణ్యాన.

వాడికి ముప్ఫై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. పదిహేనేళ్లుగా లిఫ్టు మెకానిక్. రేవు వెనక కొండ మీదున్న అపార్ట్‌మెంట్లలో నలభై దాకా లిఫ్టులు వాడే చూస్తాడు. వాడికున్న సరదాలు తక్కువ. స్కూటరు, చేప ఉండల సూపు, శనివారం మధ్యాహ్నం గేమ్. అంతే.

ఆ గేమ్‌కి ఒక చరిత్ర ఉంది. కాలేజీలో ఒకే గదిలో ఉన్న నలుగురు స్నేహితులు, ఇప్పుడు తలా ఒక ఊళ్లో ఉన్నారు. పదకొండేళ్లుగా ప్రతి శనివారం మూడింటికి నలుగురూ కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒకే గుహలోకి దిగి, ఒకే రకం రాక్షసులతో కొట్లాడతారు. మావాడు అందులో వైద్యుడు. మిగతా ముగ్గురూ కత్తులు పట్టుకుని ముందుకెళ్తే వీడు వెనక నిలబడి వాళ్ల గాయాలు మాన్పుతాడు. చిక్కల్లా వాడి పాత ల్యాప్‌టాప్‌తోనే. సరిగ్గా రాక్షసుడు మీదికొచ్చే సమయానికి అది వేడెక్కి ఆగిపోయేది. వైద్యుడు మాయమయ్యేవాడు. తక్కిన ముగ్గురూ పోయేవాళ్లు. అందుకని వాళ్లు వీడికి "కొవ్వొత్తి" అని పేరు పెట్టారు. ఉఫ్ అంటే ఆరిపోతాడని. వాడు పైకి నవ్వేవాడు గానీ ఆ మాట వాడికి లోపల గుచ్చుకునేది. ఎక్కడా ఏదీ ఆగిపోకుండా చూడడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి కదా.

అందుకే రెండేళ్లు డబ్బు కూడబెట్టి, గేమ్‌లు ఆడేవాళ్ల కోసమే చేసిన ఖరీదైన ల్యాప్‌టాప్ కొన్నాడు. కొనేముందు ఏమీ చదవలేదు. షాపువాడు చెప్పింది విని కొనేశాడు. చదవడమంతా కొన్నాకే మొదలెట్టాడు.

నాలుగో రోజు పెట్టె విప్పాడు. ఆ సాయంత్రమే ఫోన్‌లో ఏదో చూస్తూ మొహం పాలిపోయి కూర్చున్నాడు.

"ఏంట్రా?"

"ఇదే మోడల్ కొన్న ఒకాయన రాశాడు. నలభై ఒకటో రోజున మూత దగ్గర కీలు పగిలిందట."

"ఒక్కడేగా."

"ఇంకొకావిడకి స్క్రీన్ నల్లబడిందట. ఇంకొకతనికి ఫ్యాన్ ఎండు ఆకుల మీద నడిచినట్టు చప్పుడు చేస్తోందట."

"బాగా పనిచేస్తున్నవాళ్లు కూర్చుని రాస్తారట్రా? వాళ్లు ఆడుకుంటూ ఉంటారు" అన్నాను.

వాడు ఫోన్ పక్కన పెట్టాడు. "అదేనక్కా నా భయం. అసలు ఆన్ అవ్వనివాళ్లు కూడా రాయలేరుగా. వాళ్లెంతమంది ఉన్నారో."

కుర్చీలో కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతున్న అమ్మ తల ఎత్తకుండా, "వీణ్ణి చిన్నప్పుడు సైకిల్ ఎక్కిస్తే బ్రేకు చూసుకుంటూ కాలవలో పడ్డాడు" అంది.

ఆ రోజు నుంచి వాడు ఒక నోటు పుస్తకం పెట్టాడు. లిఫ్టులకి నెలనెలా రాసే పుస్తకం లాంటిదే. తేదీ, మూత ఎన్నిసార్లు తెరిచాడు, ఆన్ కావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, పది నిమిషాలకి వేడెంత, అరగంటకి వేడెంత. మూతని రెండు చేతులతో, రెండు మూలలా పట్టుకుని, పసిపిల్ల మొహం మీది దుప్పటి తీసినట్టు తీసేవాడు. మూసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. దాని పక్కన క్వాయ్‌క్వాయ్ ప్యాకెట్ కూడా పెట్టాడు. కొబ్బరి రుచి ఉండే మొక్కజొన్న చిరుతిండి అది. ఆ పేరుకి అర్థమే బుద్ధిగా ఉండు అని. మావాళ్లు ఆస్పత్రి మిషన్ల మీదా, బ్యాంకు కంప్యూటర్ల మీదా పెడతారు. వాడు లిఫ్టు గదులన్నిటిలో పెడతాడు. ఆకుపచ్చ ప్యాకెట్టే కావాలి, తేదీ దాటకూడదు, ఎవరూ తినకూడదు.

రెండో వారంలో అమ్మ దాన్ని తినేసింది.

"ఆకలేసింది. నువ్వేమో ఆలస్యంగా వచ్చావ్" అంది, వేళ్లు తుడుచుకుంటూ.

వాడు మళ్లీ రెయిన్‌కోటు తొడుక్కుని, వానలో స్కూటరేసుకుని వెళ్లి ఇంకో ప్యాకెట్ తెచ్చాడు. ఈసారి రెండు తెచ్చాడు. ఒకటి అమ్మకి.

ఇవన్నీ చేస్తున్నాడు గానీ ఆట మాత్రం మొదలెట్టలేదు. ఏడు శనివారాలు గడిచాయి. ఆ ముగ్గురిలో పెద్ద నోరు ఆ-దే అనేవాడిది. కావ్‌ష్యుంగ్‌లో సైకిళ్ల షాపు పెట్టుకున్నాడు. ప్రతి శనివారం వాడి దగ్గర్నుంచి ఫోన్.

"ఒరేయ్ కొవ్వొత్తీ, కొత్త పెట్టె వచ్చిందన్నావ్. ఏదీ?"

"పరీక్షలు జరుగుతున్నాయిరా."

"దేనికి పరీక్షలు? కడుపుతో గానీ ఉందా?"

నేను మిషన్లోకి దుప్పట్లు తోస్తూ నవ్వు ఆపుకోలేకపోయాను. వాడు నా వైపు కోపంగా చూసి, ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వెళ్లాడు.

ఒకరోజు పన్నెండో అంతస్తులో ఉండే ఒయాంగ్ పెద్దమ్మ పరుపు గలీబు తీసుకుపోవడానికి వచ్చింది. ఆవిడ బిల్డింగు లిఫ్టు మావాడిదే. వాణ్ణి చూడగానే పట్టుకుంది.

"బాబూ, నిన్న మా లిఫ్టు ఎనిమిదో అంతస్తు దగ్గర కిర్రుమంది. కింద పడదు గదా?"

రుయ్‌ఫెంగ్ మొహంలోకి ఎక్కడలేని ప్రశాంతత వచ్చింది. "పడదు పెద్దమ్మా. అది తలుపు పట్టీ చప్పుడు. లిఫ్టుని మోసే తాళ్లు ఐదున్నాయి, ఒక్కటి చాలు మిమ్మల్ని మొయ్యడానికి. రోజంతా తిరిగే వస్తువు కాస్త చప్పుడు చెయ్యదా? మీరు హాయిగా ఎక్కి దిగండి."

ఆవిడ తేలికపడి వెళ్లిపోయింది. అమ్మ తువ్వాలు దులిపింది.

"ఎంత బాగా చెప్పావురా. ఆ మాటే అటు తిరిగి ఇంకోసారి చెప్పు, నీ పెట్టెకి వినపడుతుంది."

"అది వేరమ్మా."

"ఏం వేరు?"

"అది నాది" అన్నాడు వాడు.

సర్వీస్ సెంటర్‌కి మొదటిసారి ఎప్పుడు వెళ్లాడో నాకు తెలియదు. మూడోసారి వెళ్లేటప్పుడు మాత్రం నేనూ వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు వాన అడ్డంగా కొడుతోంది. ల్యాప్‌టాప్ సంచికి గొడుగు పట్టడానికి ఇంకో మనిషి కావాలన్నాడు. అక్కగా పుట్టినందుకు పట్టాను. సంచి ఒక్క చుక్క తడవలేదు. మేమిద్దరం నిలువునా తడిశాం.

కౌంటర్ దగ్గర కో ఈష్వాన్ అనే ఆవిడ కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. జుట్టు పెన్సిల్‌తో ముడేసుకుంది. మావాణ్ణి చూడగానే నీరసంగా నవ్వి, మా ఇంటిపేరుతో పలకరించింది.

"రండి లియెన్ గారూ. ఈసారి ఏమైంది?"

"ఏమీ కాలేదండీ. కానీ ఎడమవైపు ఫ్యాన్‌కీ కుడివైపు ఫ్యాన్‌కీ చప్పుడులో కొంచెం తేడా ఉంది."

ఆవిడ చెవి ఆనించి వింది. నన్నూ వినమంది. నాకు రెండూ ఫ్యాన్ చప్పుళ్లలాగే వినిపించాయి.

"మొదటిసారి వచ్చినప్పుడు ఏం రాయించారో తెలుసా అండీ మీ తమ్ముడు?" అని ఆవిడ నన్నడిగింది. "ఫిర్యాదు ఏమిటంటే 'ఇంకా లేదు' అన్నారు. అలాగే రాశాను. మా మేనేజర్ ఆ కాయితం పట్టుకుని అందరికీ చూపించాడు."

రుయ్‌ఫెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మెత్తబడింది.

"సరే, ఒకటి చెప్పండి. దీని మీద ఏ గేమ్ ఆడుతున్నారు?"

నేనే చెప్పాల్సి వచ్చింది. "ఇప్పటిదాకా జ్వరం చూడ్డమేనండీ. ఆడింది లేదు."

కో ఈష్వాన్ ల్యాప్‌టాప్ మూసి, దాని మీద చెయ్యి ఆనించి కూర్చుంది. మూత మీద అంత బరువు పడుతోందని వాడు లోపల విలవిల్లాడుతున్నాడని నాకు అర్థమైంది.

"మీరేం పని చేస్తారు?"

"లిఫ్టులు బాగుచేస్తానండీ."

"కొత్త లిఫ్టు పెట్టాక ఎలా పరీక్షిస్తారు? తలుపు మెల్లగా తీసి, మెల్లగా వేసి, చూస్తూ కూర్చుంటారా?"

"లేదండీ. ఇనప దిమ్మలు ఎక్కిస్తాం. అది మొయ్యాల్సిన దానికన్నా ఎక్కువే ఎక్కించి కిందికీ పైకీ తిప్పుతాం."

"ఎందుకు?"

"పోయేదేదో జనం ఎక్కకముందే పోవాలని..." అని వాడు మధ్యలో ఆగాడు.

"దీనికి వారంటీ రెండేళ్లు. అందులో రెండు నెలలు మీరు దాన్ని చూస్తూ గడిపేశారు. ఇలాగే ఇంకో ఇరవై రెండు నెలలు దాచుకుని, ఆ మర్నాడు ఆడడం మొదలెడితే, అప్పుడు పోతే నేను పైసా సాయం చెయ్యలేను. ఇంటికెళ్లి దాని మీద దిమ్మలు ఎక్కించండి. పోయేదైతే ఇప్పుడే పోతుంది, మేం బాగుచేస్తాం. పోకపోతే మీరు ఆడుకుంటారు."

షాపుకొచ్చాక నేను ఈ సంగతి చెబితే అమ్మ అంతా విని, "ఆ అమ్మాయికి పెళ్లయిందా?" అని అడిగింది.

"అయిందమ్మా. ఇద్దరు పిల్లల ఫొటో ఉంది కౌంటర్ మీద" అన్నాను.

"తెలివైనవాళ్లందరికీ అయిపోతుంది" అంది అమ్మ.

ఆ శనివారం మూడింటికి రుయ్‌ఫెంగ్ ఇస్త్రీ బల్ల ఒక కొసన చోటు ఖాళీ చేయించి, ల్యాప్‌టాప్ తెరిచి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఒక్క చేత్తో తెరిచాడు మూత. నేను చూశాను గానీ చూసినట్టు కనపడనివ్వలేదు.

అవతల్నుంచి ముగ్గురి కేకలు నా దాకా వినిపించాయి. గంటసేపు ఆట బాగా సాగింది. ఫ్యాన్లు రెండూ హోరుమంటున్నాయి. డిసెంబరు చలి. అమ్మ తన కుర్చీ దగ్గరకి జరుపుకుని, ల్యాప్‌టాప్ వెనక నుంచి వచ్చే వేడిగాలికి వేళ్లు కాచుకుంటోంది. వాడు చూసి కూడా ఏమీ అనలేదు. చెమట్లు కక్కుతూ రాక్షసుడి గుహలోకి దిగుతున్నాడు. అంతకుముందు ఆ రాక్షసుడి చేతిలో నలుగురూ మూడుసార్లు ఓడిపోయారట.

సరిగ్గా అప్పుడే వాడి ఫోన్ మోగింది. ఆ వారం డ్యూటీ వాడిదే. రేవు వెనక ఒక బిల్డింగులో లిఫ్టు ఆగిపోయింది. లోపల ఇద్దరు మనుషులు, ఒక కుక్క. అలాంటి కబురు వస్తే అరగంటలో అక్కడ ఉండాలి.

వాడు లేచి నిలబడ్డాడు. ఒక కన్ను స్క్రీన్ మీద, ఒక కన్ను గుమ్మం మీద. పాపం, ఆ క్షణంలో వాడి మొహం చూస్తే నాకు ఏడిపించబుద్ధి కాలేదు.

"రేయ్, నేను వెళ్లాలిరా. లిఫ్టులో జనం ఇరుక్కున్నారు" అన్నాడు మైకులో.

హెడ్‌ఫోన్‌లోంచి ఆ-దే గొంతు బయటికే వినిపించింది. "పాత ల్యాప్‌టాప్ ఉన్నప్పుడు ఇంతకన్నా మంచి అబద్ధాలు చెప్పేవాడివిరా."

"ఒట్టు, నిజం. అక్కా, నువ్వు కూర్చో. ఇదిగో, ఈ పచ్చ గీత తగ్గినప్పుడల్లా ఈ కీ నొక్కు. అంతే. ఇంకేం ముట్టుకోవద్దు."

నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. కింద పెళ్లికూతురి సిల్కు గౌను ఉంది. "నా వల్ల కాదురా" అన్నాను.

"లే, నేను కూర్చుంటా" అని అమ్మ వాడి స్టూలు లాక్కుంది.

వాడు వెళ్లిపోయాడు. అమ్మ హెడ్‌ఫోన్‌ని తలకి కాకుండా మెడకి తగిలించుకుంది. అందువల్ల అవతలి మాటలన్నీ నాకూ వినిపించాయి.

"పిన్నీ, నమస్కారం. నేను ఆ-దేని. నేను చెప్పినప్పుడల్లా నొక్కండి."

"నువ్వు చెప్పేదాకా ఆగాలా బాబూ? గీత నాకు కనపడుతోంది. నువ్వు నీ కత్తి సంగతి చూసుకో."

డెబ్భై ఏళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లు రేవులో చేపలు వేరుచేసే పని చేసింది. కదిలే వరసలోంచి చెడ్డ చేపని రెప్పపాటులో తీసి పారేసిన చెయ్యి అది. గీత తగ్గితే చాలు, టక్కున నొక్కేది. మధ్యలో ఒక దుప్పటి మడతపెట్టబోయింది గానీ ఆ-దే కేకేసేసరికి మానుకుంది.

రాక్షసుడు కాస్త వెనక్కి తగ్గినప్పుడు అమ్మ అడిగింది. "మావాడు మధ్యలో మాయమయ్యేవాడటగా. మీకు చాలా కష్టమయ్యేదా?"

"కష్టమేముంది పిన్నీ. వాడు పోగానే మేం చచ్చేవాళ్లం. వాడు మళ్లీ ఆన్ చేసుకునేలోపు లేచి టీ పెట్టుకునేవాళ్లం. నా భార్యకి అదే గుర్తు, రుయ్‌ఫెంగ్ పోయాడంటే నీళ్లు పొయ్యి మీద పెట్టాలని."

"మరి ఇంకో మంచి వైద్యుణ్ణి పెట్టుకోవచ్చుగా?"

"ఎవర్ని?" అన్నాడు ఆ-దే. నిజంగానే అర్థం కానట్టు ఉంది వాడి గొంతు. "సిద్ధంగా ఉండండి పిన్నీ, రాక్షసుడు మళ్లీ వస్తున్నాడు."

ఇరవై నిమిషాల్లో రాక్షసుడు కూలిపోయాడు. అవతల ముగ్గురూ అరిచిన అరుపుకి, గలీబు తీసుకోవడానికి వచ్చిన కుర్రది భయపడి వెనక్కి అడుగేసింది.

రుయ్‌ఫెంగ్ ఐదున్నరకి వచ్చాడు. జనం క్షేమంగా దిగారట, కుక్క మాత్రం లిఫ్టులోంచి రానని మొండికేసిందట. మోచేతుల దాకా గ్రీజు. వస్తూనే స్క్రీన్ వైపు చూశాడు.

"గెలిచాం" అంది అమ్మ.

వాడు చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. "నేను లేకుండానా?"

"నీ వైద్యం కన్నా నాదే నయమట. ఆ-దే చెప్పాడు."

"ఎంత వేడెక్కింది?"

"నాకేం తెలుసురా. చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి."

వాళ్లు టీ పెట్టుకునే సంగతి నేను చెప్పాను. వాడు స్టూలు మీద కూలబడి విన్నాడు. పదకొండేళ్లుగా మోస్తున్న బరువుని ఎవరో వచ్చి, అది అసలు మీది కాదండీ అని తీసుకుపోతున్నట్టు చూశాడు.

"ఆ మాట ముందే చెప్పి ఉంటే" అన్నాడు చివరికి, "పాత ల్యాప్‌టాప్‌తోనే సరిపెట్టుకునేవాణ్ణి కదక్కా."

అప్పట్నుంచి శనివారాలు మళ్లీ మొదలయ్యాయి. నోటు పుస్తకంలో మొదట్లో రోజూ రాసేవాడు, తర్వాత వారానికోసారి రాశాడు. ఫిబ్రవరిలో నేను తెరిచి చూస్తే చివరి పేజీలో సబ్బు పొడి, గుండీలు అని రాసి ఉంది. అది నా చీటీ.

మార్చిలో ఎడమవైపు ఫ్యాన్ నిజంగానే పోయింది. ఎండు ఆకుల చప్పుడు చేసి, దగ్గి, ఆగిపోయింది. నేను భయపడుతూ వాడి మొహంలోకి చూశాను. కళ్లు మెరుస్తున్నాయి. పరీక్షలో పాసైన పిల్లాడిలా ఉన్నాడు.

"చెప్పానా?" అన్నాడు. "ఎడమదే అని చెప్పానా లేదా?"

ఈల వేసుకుంటూ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాడు. గొడుగుకి నన్ను రమ్మనలేదు. కో ఈష్వాన్ ఈసారి చెవి ఆనించకుండానే ఒప్పుకుంది. తొమ్మిది రోజుల్లో కొత్త ఫ్యాన్ వేసి ఇచ్చింది. వాడు ఆవిడకి ఒక పెట్టె అనాసపండు కేకులు పట్టుకెళ్లాడు. ఆవిడ తీసుకుని, "వచ్చేసారి జబ్బు లేకపోయినా కేకులతో వస్తే చూస్తాను" అందట. మూత కీలు, స్క్రీన్, మిగతావన్నీ ఏమవుతాయో ఎవరూ చెప్పలేరు. వాడు ఇప్పుడు ఆ విషయాలు ఎక్కడా చదవడం లేదు.

ఇబ్బందల్లా ఇప్పుడు అమ్మతోనే. శనివారం మూడింటికి వాడు ల్యాప్‌టాప్ తెరిచేసరికి అమ్మ హెడ్‌ఫోన్ అందుకుని ఉంటుంది. ఆ-దే భార్యకి మోకాలి నొప్పి తగ్గిందా, సింగపూర్‌లో ఉన్నవాడు సరిగ్గా తింటున్నాడా, మూడోవాడు ఇంకా ఆ ఉద్యోగంలోనే మగ్గుతున్నాడా, అన్నీ వరసగా కనుక్కుంటుంది. అవతలివాళ్లు కూడా ఓపిగ్గా చెబుతారు. రుయ్‌ఫెంగ్ పక్కన నిలబడి, "అమ్మా, ఇక నాకు ఇస్తావా" అని గొణుగుతాడు.

"ఉండరా, మాట్లాడుతున్నాం కదా" అంటుంది అమ్మ. "ఈలోపు ఆ దుప్పట్లు మడతపెట్టు."

వాడు మడతపెడతాడు.